ఆరూ ఐదుకే కదిలిన బాచుపల్లి బస్సు

మీరు నవ్వనంటే చెప్తాను. నవ్వుతారని తెలుసు, అయినా చెప్తాను. పోయిన గురువారం సాయంత్రం మా ఆఫీసు బస్సుని దాని టైం కంటే పది నిమిషాలు ముందే పంపించేశాను. నలభై మంది ఎక్కాల్సిన బస్సు నలుగురితో వెళ్ళిపోయింది. పంపించింది ఎవరో కాదు. టైం, టైం అని అందరి ప్రాణం తీసే ఈ కరుణే!

నేను గచ్చిబౌలిలో ఒక పెద్ద ఐటీ క్యాంపస్‌లో ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్‌ని. చదివింది పదో తరగతి. ఇంగ్లీషు అర్థమవుతుంది, మాట్లాడేది తక్కువ. సాయంత్రం బేస్‌మెంట్‌లో, బస్సులు ఆగే చోట, మెడలో విజిల్ వేసుకుని నిలబడతాను. బాచుపల్లి బస్సు ఆరుంబావుకి. ఆరుంబావు అంటే ఆరుంబావే, ఆరూ పదహారు కాదు. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు తేడా రాలేదు.

"ఆంటీ, రెండు నిమిషాలు ఆపండి, లిఫ్ట్‌లో ఉన్నా" అని ఫోన్లు చేస్తుంటారు. వీళ్ళంతా ఎప్పుడూ లిఫ్ట్‌లోనే ఉంటే పైన పని చేసేది ఎవరో నాకు అర్థం కాదు! అందుకే డ్యూటీలో నా ఫోన్ సైలెంట్‌లో పెట్టి బ్యాగులో పడేస్తాను. డ్రైవర్లకీ అదే రూల్. స్టీరింగ్ పట్టుకున్నాక ఎవరు ఫోన్ చేసినా ఎత్తకూడదు. దేవుడు చేసినా సరే, బండి పక్కన ఆపాకే. ఆ మాట నేనే చేత్తో రాసి ప్రతి బస్సులో అతికించాను.

ఇక వాచ్ సంగతి. నా పాత వాచ్ బెల్టు తెగిపోయిందని మా కోడలు సంధ్య కొత్తది కొనిచ్చింది. స్మార్ట్‌వాచ్ అనగానే నేను మొహం చిట్లించాను. చేతికి చిన్న టీవీ కట్టుకుని తిరిగేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు. ఎదుటివాడు మాట్లాడుతుంటే మణికట్టు చూసుకోవడం ఏం మర్యాద?

"అత్తయ్యా, ఇది అట్లాంటిది కాదు. హైబ్రిడ్. చూడ్డానికి మామూలు ముళ్ళ వాచే. తెలివంతా లోపల ఉంటుంది" అంది.

"మనుషులు కూడా అట్లా ఉంటే బాగుండేది" అన్నాను.

కానీ వాచ్ మాత్రం బాగుంది, అబద్ధం ఎందుకు ఆడాలి? మీగడ రంగు డయల్, గోధుమ రంగు తోలు బెల్టు, సన్నటి ముళ్ళు. రోజూ ఛార్జింగ్ పెట్టే గొడవ లేదు. ఎన్ని అడుగులు నడిచానో లెక్క పెట్టి ఫోన్‌కి పంపిస్తుంది. మొదటి సాయంత్రమే ఆ లెక్క మా ఆయనకి చూపించి, "మీరు రోజంతా సోఫా నుంచి ఫ్రిజ్‌కి ఎన్ని అడుగులు వేశారో చెప్పండి" అని అడిగాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు నా చెయ్యి పట్టుకుని మరీ చూశారు. గర్వపడకూడదని నేనే సండే స్కూలు పిల్లలకి చెప్తాను. కొంచెం పడ్డాను.

సంధ్య ఆ వాచ్ వాడకం నాకు వివరించింది. ఎప్పుడు? నేను పూరీలు వేయిస్తున్నప్పుడు!

"అత్తయ్యా, ఫోన్ వస్తే చెయ్యి మీద జిర్రుమంటుంది, ముళ్ళు కదులుతాయి. మావయ్యగారు చేస్తే రెండు ముళ్ళూ మూడు మీదకి వెళ్తాయి. నేను చేస్తే తొమ్మిది మీదకి. మీ బస్సు వాళ్ళందరినీ ఒక గ్రూపు చేశాను, వాళ్ళెవరు చేసినా రెండూ ఆరు మీదకి. కాసేపటికి మళ్ళీ మామూలు టైం చూపిస్తాయి. విన్నారా?"

"విన్నాలే, ఆ ప్లేటు ఇటివ్వు" అన్నాను. పూరీ పొంగుతోంది. పూరీ పొంగేటప్పుడు ఎవరి మాటా నా చెవికెక్కదు.

ఇక గురువారం పొద్దున. బస్సు దిగుతూ లావణ్య నా దగ్గరికి వచ్చింది. ఈ పిల్లది బాచుపల్లే, ఏదో టెస్టింగ్ టీంలో పని చేస్తుంది. మంచి పిల్ల. కానీ టైం అంటే మహా లోకువ. నెలలో సగం రోజులు బస్సు వెనక పరిగెత్తి, చెయ్యి ఊపి, నా చేత తిట్లు తిని ఎక్కుతుంది.

"ఆంటీ, ఇవాళ నాకు పెళ్ళిచూపులు. ఏడున్నరకి వాళ్ళు ఇంటికొస్తున్నారు. ఆ అబ్బాయి వాళ్ళమ్మగారు రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ అట. నేను ఆలస్యంగా వెళ్తే మా అమ్మ నన్ను చంపేస్తుంది. ప్లీజ్ ఆంటీ, ఇవాళ ఒక్కరోజు నా కోసం బస్సు ఆపండి."

"ఆపను" అన్నాను. "నువ్వే టైంకి రా. నువ్వు ఆరుంబావు లోపల ఇక్కడ ఉంటే ఈ బస్సు నిన్ను విడిచి వెళ్ళదు. ఇది నా మాట. ఇన్నేళ్ళలో నేను మాట తప్పింది లేదు."

పెద్ద ఘనంగా చెప్పాను! పక్కనున్న నలుగురు విన్నారు కూడా.

సాయంత్రం అయింది. బేస్‌మెంట్‌లో ఆకాశం కనపడదు, పగలో సందెవేళో తెలీదు. బస్సులో నలుగురు ఎక్కి కూర్చుని చెవుల్లో ఆ తెల్ల బుడిపెలు పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను లిస్టు చూస్తూ, లావణ్యకి ఇంకా ఏమేం బుద్ధులు చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. మణికట్టు మీద జిర్రుమంది. చూశాను.

చిన్న ముల్లు ఆరు మీద. పెద్ద ముల్లూ ఆరు మీద.

ఆరున్నర!

పదిహేను నిమిషాలు లేటు! తొమ్మిదేళ్ళ పేరు ఒక్క పూటలో గంగలో కలిసింది! ఇక్కడే నిలబడి ఏం కలలు కంటున్నాను? వెంటనే కోపం కూడా వచ్చింది. ఆరున్నర అయినా నలుగురే ఎక్కారంటే మిగతావాళ్ళకి ఎంత అలుసు? లావణ్య కూడా రాలేదు చూడండి, పెళ్ళిచూపులు పెట్టుకుని! వీళ్ళకి ఇవాళ పాఠం చెప్పాల్సిందే!

విజిల్ వేశాను. "యాదగిరీ, తియ్యి బండి!"

డ్రైవర్ యాదగిరి కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంది మేడమ్, గిప్పుడేనా? ఇంక టైం గాలే."

"టైం ఎప్పుడో అయిపోయింది!"

"గట్లెట్ల? నా ఫోన్ల ఆరూ అయిదే అయింది."

"డ్యూటీలో ఫోన్ చూశావా?" అన్నాను. అతను నాలిక్కరుచుకుని ఫోన్ జేబులో పెట్టేశాడు. "నా చేతికి ఉన్నదేంటి? గాజా? తియ్యమంటుంటే!"

"జర సోచాయించుండ్రి మేడమ్, సీట్లన్నీ ఖాళీగున్నయ్..."

రెండోసారి విజిల్ వేశాను. ఆ విజిల్‌కి ఎదురు చెప్పిన డ్రైవరు లేడు. "మీ ఇష్టం. ఇగ నన్నేం అనొద్దు" అన్నాడు. బస్సు ర్యాంప్ ఎక్కి వెళ్ళిపోయింది. క్రమశిక్షణ అంటే ఇదీ అనుకుంటూ, బయలుదేరిన టైం రాయడానికి పెన్ను తీసి మళ్ళీ వాచ్ చూశాను.

ఆరూ ఏడు.

బాబోయ్! టైం వెనక్కి నడిచింది! వాచ్ చెవి దగ్గర పెట్టుకున్నాను. ఊపాను. ఆరూ ఏడే. ఎదురుగా సెక్యూరిటీ గదిలో గోడ గడియారం చూశాను. అదీ ఆరూ ఏడే. నా చేతిలో పెన్ను అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు లిఫ్ట్ తెరుచుకుంది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు, నవ్వుకుంటూ, బ్యాగులు తగిలించుకుని వచ్చేస్తున్నారు. నా తిట్లకి భయపడి ఆ రోజు అందరూ తొందరగానే వచ్చారు! ఖాళీ స్థలం ముందు ఆగారు.

"ఆంటీ, బస్సేది?"

"వెళ్ళింది."

"ఎక్కడికి?"

"బాచుపల్లికి."

"మేం లేకుండానా?"

ఒకతను తన ఫోన్‌లో టైం చూసుకుని, "ఆంటీ, మేం లేటా? మీరు లేటా? లేక బస్సే ఫాస్టా?" అని చాలా వినయంగా అడిగాడు.

ఆరూ పన్నెండుకి లావణ్య పరిగెత్తుకుంటూ వచ్చింది. చీర కట్టుకుంది, జడలో పూలు కూడా ఉన్నాయి. "ఆంటీ! చూశారా! మూడు నిమిషాలు ముందే వచ్చా! కిందకి వస్తున్నానని ఇందాక ఫోన్ కూడా చేశా, మీరు ఎత్తలేదు!"

బ్యాగులోంచి ఫోన్ తీశాను. మిస్డ్ కాల్. లావణ్య. ఆరూ ఐదు.

అప్పుడు వినపడింది నాకు, పూరీల నూనె చప్పుడు వెనక నుంచి, సంధ్య గొంతు: 'బస్సు వాళ్ళెవరు చేసినా రెండూ ఆరు మీదకి.' జీవితంలో మొదటిసారి టైంకి వస్తున్నానని ఆ పిల్ల సంతోషంగా ఫోన్ చేస్తే, ఆ ఫోన్ చూసే నేను బస్సు పంపించేశాను!

యాదగిరికి ఫోన్ చేశాను. మోగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ మోగింది. ఎత్తడు. ఎట్లా ఎత్తుతాడు? స్టీరింగ్ పట్టుకున్నాడు. నా రూలు నా చేతి రాతతో అతని తల వెనకే ఉంది. అంత క్రమశిక్షణ గల డ్రైవరుని తయారుచేసుకున్నందుకు ఆ క్షణంలో ఏడవాలో నవ్వాలో తెలీలేదు.

మేనేజర్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మిగతావాళ్ళకి ఏడింటికి వేరే బస్సు చూస్తానన్నారు. లావణ్యకి ఏడింటి బస్సు ఎందుకు పనికొస్తుంది? క్యాబ్ బుక్ చేస్తే ఇద్దరు డ్రైవర్లు వరసగా క్యాన్సిల్ చేశారు. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "మా అమ్మ నమ్మదు ఆంటీ. నేను టైంకే వచ్చానంటే ఎవరు నమ్ముతారు? నా చరిత్ర అట్లాంటిది."

"నేను చెప్తా పద" అన్నాను. తప్పు చేసినవాళ్ళు నోటితో ఒప్పుకోవాలి. అదీ నష్టపోయినవాళ్ళ ఇంటికి వెళ్ళి ఒప్పుకోవాలి.

రోడ్డు మీద మూడో ఆటో ఒప్పుకుంది. కొండాపూర్ దాటేసరికే సగం ప్రాణం పోయింది. మియాపూర్ దగ్గర ఆటో కదలదు, వెనక హారన్లు ఆగవు. ఇంతలో నా మణికట్టు జిర్రు జిర్రు. బస్సు తప్పినవాళ్ళు, వేరే బస్సు ఎప్పుడొస్తుందని వరసగా ఫోన్లు! ముళ్ళు ఆరు మీద నుంచి కదలవు.

లావణ్య కళ్ళు తుడుచుకుంటూ నా చెయ్యి వంక చూసింది. "పర్లేదు ఆంటీ, మీ వాచ్‌లో ఇంకా ఆరున్నరే. మనకి గంట టైం ఉంది" అంది. అంతలో మా ఆయన ఫోన్ చేశారు. రెండు ముళ్ళూ వెళ్ళి మూడు మీద కూర్చున్నాయి. "ఇప్పుడైతే ఇంకా మధ్యాహ్నమే!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది. కళ్ళకి పెట్టుకున్న కాటుక అంతా చెదిరింది.

వాళ్ళ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఎనిమిదీ పది. హాల్లో అబ్బాయి, వాళ్ళ నాన్న, ఆ హెడ్మిస్ట్రెస్‌గారు కూర్చుని ఉన్నారు. మిక్చర్ ప్లేట్లు ఖాళీ అయ్యాయి. లావణ్య వాళ్ళమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనకే నేను, యూనిఫాం కోటు, మెడలో ఐడీ కార్డు, విజిల్.

"ఎవరండీ ఈవిడ? అమ్మాయి ఏమైనా చేసిందా?" అన్నారు అబ్బాయి నాన్నగారు కంగారుగా.

నేను నిలబడే చెప్పాను. "అయ్యా, అమ్మా, నా పేరు కరుణ. ఈ అమ్మాయి ఆరూ పన్నెండుకి బస్సు దగ్గరుంది. ఆరుంబావు బస్సుని నేను ఆరూ ఐదుకే పంపించేశాను. తప్పు నాది, ఈ అమ్మాయిది కాదు." తర్వాత వాచ్ సంగతి, పూరీల సంగతి, యాదగిరి సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పాను. హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళజోడు తీశారు. తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. అయిపోయింది, సంబంధం పోయింది అనుకున్నాను.

"అంటే, డ్రైవరు సరైన టైం చెప్తే, టైం చూశాడని తిట్టారా?" అన్నారు.

"అవునమ్మా" అన్నాను తల వంచుకుని.

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆవిణ్ణి చూసి ఆయన, ఆయన్ని చూసి అబ్బాయి. "ఆంటీ, హైబ్రిడ్ కదా? ఒక్కసారి చూడొచ్చా?" అని అబ్బాయి నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. "నిజంగా కదులుతాయా?"

లావణ్య తన ఫోన్‌లోంచి నాకు రింగ్ ఇచ్చింది. జిర్రుమంది. ముళ్ళు తిరిగి తిరిగి ఆరు మీద ఆగాయి. అందరూ తలలు వంచి నా మణికట్టు చూస్తున్నారు. అబ్బాయి మాత్రం అప్పుడు వాచ్ చూడటం లేదు, చెదిరిన కాటుకతో నవ్వుతున్న లావణ్యని చూస్తున్నాడు. నేను గమనించాను. గమనించనట్టు మిక్చర్ తిన్నాను.

మర్నాడు పొద్దున బస్సులో నిలబడి అందరికీ క్షమాపణ చెప్పాను. యాదగిరికి విడిగా చెప్పాను. "ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్, గదేం పెద్ద ముచ్చట కాదు" అన్నాడు గానీ, వెళ్తూ వెళ్తూ "గా గాజు మస్తుగుంది" అని చురక అంటించి పోయాడు. వాచ్ తీసెయ్యలేదు, పెట్టుకుంటున్నాను. తప్పు దానిది కాదు, సగం విని 'విన్నాలే' అన్న నాది. సంధ్య చేత ఆ ఫోన్ల ఏర్పాటు మాత్రం తీయించేశాను. ఇప్పుడు అడుగులు లెక్క పెడుతుంది, టైం చూపిస్తుంది. అంతే.

సోమవారం సాయంత్రం లావణ్య మెరిసిపోతూ వచ్చింది. "ఆంటీ, వాళ్ళు ఒప్పుకున్నారు! ఈ ఆదివారం మా ఇంట్లో తాంబూలాలు. మా అత్తగారు మిమ్మల్ని తప్పకుండా రమ్మని మరీ మరీ చెప్పారు."

"అట్లాగే. ఎన్నింటికి?"

"మంచి టైం పదింటికి ఆంటీ."

"పది అంటే తొమ్మిదీ యాభైకి అక్కడుంటాను, చూడు!"

లావణ్య కొంచెం నసిగింది. "అదే ఆంటీ... మా అత్తగారు ఏమన్నారంటే... మిమ్మల్ని పదకొండింటికి రమ్మన్నారు. మీరు ముందే వస్తే విజిల్ వేసి ముహూర్తాన్ని కూడా పది నిమిషాలు ముందే పంపించేస్తారని భయమట."

తొమ్మిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళందరికీ టైంకి రండి, టైంకి రండి అని గొంతు చించుకున్నాను. చివరికి ఒక హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి, లేటుగా రండి అని బతిమాలుకున్నారు!