పదిహేను రైట్లు

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు అడగకండి. ప్రభుత్వ బడిలో టీచరునని తెలిస్తే చాలు. పొద్దున్నే హాజరు పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు ఈ గడిలో వేరే మనిషి సంతకం ఉండాల్సిందేమో అనిపిస్తుంది. అనిపించడం ఏమిటి, నాకు తెలుసు.

చెప్పబోతే నాకే ఒళ్లు మండుతుంది. ఒక మనిషి బతుకు దేని దగ్గర దారి తప్పిందయ్యా అంటే, డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్ దగ్గర. ఎవరో అన్న మాటను, ఫలానావాడు ఫలానా అన్నాడు అని ఇంగ్లీషులో తిప్పి రాయడం. మా వైపు ఎవరు ఎవరితో ఇంగ్లీషులో ఏమన్నారని మేం దాన్ని తిప్పాలి? అయినా ప్రతి పరీక్షలోనూ ఉంటుంది. బడిలో రాశాను, కాలేజీలో రాశాను, ఉద్యోగం కోసం రాశాను, ఇప్పుడు ఏటా పిల్లల చేత రాయిస్తున్నాను. చచ్చేదాకా ఇది నన్ను వదిలేలా లేదు.

అప్పట్లో డీఎస్సీ పడిందంటే చాలు, టీచరు ట్రైనింగు అయినవాళ్లంతా పెట్టె సర్దుకుని కోచింగుకు అవనిగడ్డ బస్సెక్కేవాళ్లు. నేను తోట్లవల్లూరు నుంచి వెళ్లాను. ఒక గదిలో నలుగురం ఆడపిల్లలం. చాపలు పరిస్తే నేల కనిపించేది కాదు. మా గదిలో ఒక పద్ధతి ఉండేది. ఎవరికి ఏ సబ్జెక్టు బాగా వస్తే, ఆ సబ్జెక్టులో మిగతా ముగ్గురి నోట్సులూ వాళ్లే దిద్దాలి. నిజం టీచర్లలాగే ఎర్ర పెన్ను పట్టుకుని రైట్లూ ఇంటూలూ కొట్టాలి. ఒకరు దిద్దింది ఇంకొకరు మళ్లీ చూడరు. అంత తీరిక లేదు, అంత అనుమానమూ లేదు. లెక్కలు విజయక్కవి. ఇంగ్లీషు నాది.

విజయక్కది ముదినేపల్లి. నాకంటే పదేళ్లు పెద్ద. అప్పటికి మూడుసార్లు రాసి మూడుసార్లూ అంచుదాకా వచ్చి పోగొట్టుకుంది. వయసు లెక్క ప్రకారం ఆమెకు అదే ఆఖరి డీఎస్సీ. "ఈసారి కూడా పోతే ఇక నాకు అప్లికేషన్ కూడా ఇవ్వరమ్మాయ్" అని నవ్వేది. మాకు నవ్వు వచ్చేది కాదు.

నాకు లెక్కలంటే భయం. కూలీలు, రోజులు అని మొదలుపెడితే చాలు, బుర్ర మూసుకుపోయేది. విజయక్క విసుక్కోకుండా, "అది నీ చేనే అనుకో. ఊడ్పులకి ఎంతమందిని పిలుస్తావు? నలుగురొస్తే ఎన్నాళ్లు, ఆరుగురొస్తే ఎన్నాళ్లు?" అని అడిగేది. అంతే, లెక్క విడిపోయేది. నాకు లెక్కల్లో వచ్చిన ప్రతి మార్కూ ఆమె పెట్టిన భిక్ష.

ఒక ఆదివారం కోచింగు సెంటర్లో నమూనా పరీక్ష మార్కులు గోడకు అంటించారు. విజయక్క నాకంటే రెండు పేర్ల పైన ఉంది. ఇంగ్లీషులో సగం పోగొట్టుకుని కూడా పైన ఉంది. మా ఇద్దరిదీ ఒకే జిల్లా, ఒకే కేటగిరీ. అందులో ఆడవాళ్లకు ఎంత తక్కువ పోస్టులో అందరికీ తెలుసు. ఆ గోడ ముందే నిలబడి లెక్కేశాను. విజయక్క ఇంగ్లీషు బాగుచేసుకుంటే, నాకు మిగిలేది ఏమీ లేదు.

ఆ మధ్యాహ్నం గదిలో కరెంటు లేదు. మిగతా ఇద్దరూ మెస్సుకు వెళ్లారు. విజయక్క నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది.

"అమ్మాయ్, ఈ డైరెక్టూ ఇండైరెక్టూ పదిహేను బిట్లు చేశాను. కాస్త దిద్దిపెట్టవూ. తప్పులుంటే మొహమాటపడకు, కొట్టెయ్."

చూశాను. ప్రశ్న అడిగినా, పని చెప్పినా, మామూలుగా మాట్లాడినా, అన్నింటికీ ఒకే మంత్రంలా 'సెడ్ దట్' అని పెట్టేసింది. మామూలు మాటలకు అది సరిపోతుంది. ప్రశ్నకు అడిగాడని రాయాలి, పని పురమాయిస్తే చెయ్యమన్నాడని రాయాలి. నాలుగు సరిపోయాయి. పదకొండు తప్పు. ఎర్ర పెన్ను తీశాను. పదిహేనూ రైట్లు కొట్టాను.

"అన్నీ రైటేనక్కా."

"నిజంగానా? సార్ ఏదో వేరేగా చెప్పినట్టున్నారే. అన్నింటికీ సెడ్ దట్ అంటే సరిపోద్దంటావా?"

"సార్ చెప్పింది పెద్ద ప్రశ్నలకక్కా. బిట్లలో ఇలాగే ఇస్తారు."

"హమ్మయ్య. నువ్వు చెప్పావంటే ఇక చూడక్కర్లేదులే."

నిజంగానే చూడలేదు. ఆ పాఠం పక్కన పడేసింది. మిగిలిన టైములో నాకు లెక్కలు చెప్పింది.

చెయ్యి దానంతటదే పోయింది, అలసటలో జరిగింది అని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి రైటు పొరపాటే అనుకుందాం. రెండోది? చెయ్యి దానంతటదే పదిహేనుసార్లు పోతుందా? పోనీ, పరీక్షకు ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. ఒకే గదిలో, ఆమె చాప పక్కనే నా చాప. ఏ పొద్దునైనా, అక్కా ఆ నోట్సు ఒకసారి ఇవ్వు, నేను సరిగ్గా చూడలేదు అంటే సరిపోయేది. రోజూ అనుకునేదాన్ని. రోజూ ఆమె దగ్గర లెక్కలు చెప్పించుకుని లేచేదాన్ని.

పరీక్షలో ఆ బిట్లు మూడు వచ్చాయి. హాలు బయట విజయక్క నా భుజం తట్టి, మూడింటికీ కళ్లు మూసుకుని సెడ్ దట్ ఉన్నదే పెట్టానని సంబరంగా చెప్పింది. మూడింటిలో ఒక్కదానికి కూడా జవాబు అది కాదు.

జాబితా చూడ్డానికి బందరు ఇద్దరం కలిసే వెళ్లాం. బోర్డు మీద మా కేటగిరీ ఆడవాళ్ల పేర్లలో చివరిది నాది. దాని కింద గీత. ఆమెకు నాకన్నా ఒక్క మార్కు తక్కువ. విజయక్క ఏడవలేదు. నన్ను గట్టిగా పట్టుకుని, "నా లెక్కలు నీకైనా పనికొచ్చాయిలేవే" అంది. బస్టాండులో గుడివాడ బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఎలా ఊపానో ఇప్పటికీ అర్థం కాదు.

ఉద్యోగం గుడివాడ దగ్గర ఒక ఊళ్లో వచ్చింది. ముదినేపల్లి ఎంతో దూరం లేదు. రెండుసార్లు బస్సెక్కి కూర్చున్నాను. రెండుసార్లూ బస్సు కదలకముందే దిగిపోయాను. ఏడో తరగతికి ఈ పాఠం వచ్చినప్పుడల్లా నాకు పిచ్చి కోపం వస్తుంది. మిగతా పాఠాల్లో నేను మంచి టీచరునే. ఈ ఒక్క దానికి పిల్లలు నా మొహం చూసి భయపడతారు.

పోయిన ఏడాది ఒక కొత్త పిల్ల చేరింది. వాళ్ల నాన్న మా ఊళ్లో చేపల చెరువులు లీజుకు తీసుకున్నాడు. యూనిట్ టెస్టులో ఈ బిట్లు ఇచ్చాను. ఆ పిల్ల అన్నింటికీ సెడ్ దట్ రాసింది. ఇచ్చిన పది ప్రశ్నలూ ఆజ్ఞలే. పదింటికీ ఇంటూలు కొట్టి సున్నా చుట్టాను. కాగితం మొహాన విసిరినంత పని చేసి, ఎవరు నేర్పారే నీకు ఈ చెత్త అని అరిచాను.

పిల్ల లేచి నిలబడింది. "ముదినేపల్లిలో మా ట్యూషన్ టీచరండి. విజయ టీచరు. లెక్కలు ఆవిడే చెబుతారండి, ఇంగ్లీషూ ఆవిడేనండి."

నా కోపం తగ్గలేదనుకుందేమో, ఆ పిల్ల తన టీచరును కాపాడుకోవడానికి ఇంకో మాట అంది.

"రైటేనంటండి. వాళ్ల ఫ్రెండు గవర్నమెంటు టీచరంటండి. చాలా బాగా వచ్చంట ఇంగ్లీషు. ఆవిడే చెప్పిందంట."

ఇన్నేళ్లూ ఆమె గైడు తెరిచి చూడలేదా? ఎందుకు చూస్తుంది? నేను చెప్పానంటే ఇక చూడక్కర్లేదని ఆ రోజే అంది కదా. ఎంతమంది పిల్లలకు చెప్పిందో. నా పేరు ఎంత గొప్పగా చెప్పుకుందో. ఆ పిల్లకు సరైనది నేర్పాను. సున్నా మాత్రం దిద్దలేదు. దిద్దితే ఎందుకో చెప్పాలి. అదీ నా ధైర్యం.

ఇది చదివి నన్ను తిట్టుకున్నా సరే. క్షమించమని అడగడం లేదు, క్షమించాల్సింది మీరు కాదు. ఆమె క్షమిస్తుందని కూడా నేను అనుకోను. అనుకోవడానికి నాకు మొహం లేదు. కానీ ఆ నోట్సు ఒక్కసారి సరిగ్గా దిద్దాలి. తొమ్మిదేళ్లకు దిద్దుతున్నాను.

పదిహేనులో నాలుగే రైటు. పదకొండు తప్పక్కా. నాకు అప్పుడే తెలుసు.