ఏడులోంచి ఎంత పోతే మూడు

అడగకముందే మన మనసులోని మాట తెలిసిన నరసింహస్వామికి ముందుగా సాష్టాంగం. ఆయన దయ లేకుంటే నేను ఎనిమిదో తరగతి గడప తొక్కేదాన్ని కాదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడాది, నాంపల్లిలో నేను చదివే ఉర్దూ బడి మూతపడింది. ఆబిడ్స్‌లో తెలుగులో చెప్పే ఆడపిల్లల బడికి నాయన నన్ను తీసుకుపోయాడు. నాయన మా గల్లీ భజన గోష్ఠికి పెద్ద. నా చదువంటే ఆయనకు అంత ఇష్టం లేదు. దారిలో ఒకటే మాట అన్నాడు.

"పరీక్ష పాసైతే బడి. లేకుంటే ఇంట్ల కూసొని భాగవతం చదువుకో. గది గూడ చదువే."

భాగవతం నాకు ప్రాణం. కానీ లెక్కలు కూడా కావాలి.

పెద్ద పంతులమ్మ మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. తరగతి పిల్లలందరి ముందూ నల్లబల్ల మీద 7 − x = 3 అని రాసింది. ఎక్స్ అంటే తెలియని అంకె, అదెంతో కనుక్కోమంది. మా ఉర్దూ పుస్తకంలో దానికి వేరే అక్షరం ఉండేది, అంతే తేడా అనుకున్నాను. నాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోలోపల నామం చెప్పుకుంటూ పది అని రాశాను.

ఆవిడ ముఖం మారింది. పదిని ఎక్స్ ఉన్న చోట వేసి సరిచూడమంది. సరిచూశాను. సరిగ్గానే ఉంది, అదే చెప్పాను. ఏడులోంచి పది పోతే మూడు మిగలడం ఏ ఊళ్లో చూశావని అడిగింది. పిల్లలు నవ్వారు.

"ఇగ చాలు తియ్యమ్మా, తోల్కపోత," అన్నాడు నాయన. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

"ఏడులకెల్లి పది తియ్యలే అమ్మా," అన్నాను. "పదిలకెల్లి ఏడు తీసిన. మూడే గదా?"

చెరపబోతున్న ఆవిడ చేయి ఆగింది. లెక్కను పైకి చదవమంది. నేను కుడి చివర నుంచి మొదలుపెట్టాను. "మూడు బరాబర్ ఎక్స్‌లకెల్లి ఏడు తీస్తే..." ఏడేళ్లు ఉర్దూలో అక్షరమైనా లెక్కైనా కుడి నుంచే చదివాను. ఎడమ నుంచి చదవాలని నాకు తట్టనే లేదు.

ఆవిడ అంతా తుడిచేసి 15 − 2x = 9 అని రాసింది. "ఇటు నుంచి చదువు. ఇదొక్కటే ఇస్తాను," అంది.

కళ్లు మళ్లీ కుడికే పోతున్నాయి. పన్నెండు అని తోస్తోంది. అరచేత్తో తొమ్మిదిని కప్పేసి ఎడమ నుంచి మొదలుపెట్టాను. తర్వాత చేయి తీశాను. పదిహేనులో ఎంత పోతే తొమ్మిది? ఆరు. రెండు ఎక్స్‌లు ఆరైతే ఒకటి మూడు. మూడు వేసి చూసుకున్నాను. భయం తీరక ఇంకోసారి చూసుకున్నాను.

ఆవిడ మెచ్చుకోలేదు. రిజిస్టరు తెరిచి పేరు అడిగింది. నాయన నోరు తెరవకముందే నేనే చెప్పాను.

మెట్లు దిగాక నాయన నా వైపు తిరిగాడు. "గది ఎట్ల చేసినవో నాకు జర చెప్పు బిడ్డా," అన్నాడు.

ఈ పూట కూడా ఏదో ఒక బడిలో, కొత్త భాష ముందు ఒక బిడ్డ సుద్దముక్క పట్టుకుని నిలబడి ఉంటుంది. ఇది చదువుతున్న మీరూ ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. ఆ బిడ్డ ఎటు నుంచి చదివిందో అడిగే ఓపిక పెద్దలకు ఇమ్మని స్వామిని వేడుకుందాం.