బస్సులో సాక్షి

డిగ్రీలో నేరశాస్త్రం చదువుతున్న ఆ అమ్మాయిని తమ్ముడు "పోలీసమ్మా" అని ఏడిపించేవాడు. సాక్షులు ఆనవాళ్ళు చెప్పే పాఠం ఆమెకి పిచ్చిలా పట్టుకుంది. కాలేజీకి వెళ్ళే సిటీ బస్సులో రోజూ ఎవరో ఒకర్ని తేరిపార చూసి, కళ్ళు మూసుకుని, వాళ్ళ ఆనవాళ్ళు గొణుక్కుంటూ వల్లెవేసేది.

ఆరోజు ఎదురు సీటులోని ముసలాయన వంతు వచ్చింది.

"బట్టతల, బూడిదరంగు కోటు, కుడిచేతికి బొటనవేలు లేదు..."

కళ్ళు తెరిచేసరికి సీటు ఖాళీ. బస్సు ఎక్కడా ఆగనేలేదు.

వెనక సీటులోంచి, సరిగ్గా చెవి పక్కన, ఒక ముసలి గొంతు తాపీగా అప్పజెప్పసాగింది.

"ఎడమ కనుబొమ్మ మీద కుట్ల మచ్చ. మొన్న పచ్చ చొక్కా, నిన్న తెల్లది. తమ్ముడు పోలీసమ్మా అంటాడు."

ఆమె మెడ వెనక్కి తిరగనంది.

"ఒక్కటే తేడా తల్లీ," అన్నాడాయన. "నేను కళ్ళు మూసుకోను."