అయిందనుకో

మేనేజరు కుర్చీని నేనే వద్దన్నానని, ఇల్లూ పిల్లలూ చూసుకోవాలని తప్పుకున్నానని మా పాత ఆఫీసువాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పెళ్లిళ్లలో కనబడితే నా మొహం మీదే చెబుతారు. పచ్చి అబద్ధం. ఇల్లు నన్నెప్పుడూ రమ్మనలేదు. రమ్మన్నా పోయేదాన్ని కాదు.

దబీర్‌పురాలో మా కుట్టు కేంద్రం. బడిపిల్లల యూనిఫారాలు కుట్టించేవాళ్లం. మేనేజరు రిటైరైతే నన్ను ఇన్‌చార్జిగా కూర్చోబెట్టారు. షెడ్డు కురుస్తోందని కేంద్రాన్ని ఉప్పుగూడకు మార్చమన్నారు.

"బడులు తెరిచేలోగ బట్టలు చేరాలె. చేర్పించినవా, ఆ కుర్చీ నీదే అమ్మా," అన్నాడు డైరెక్టరు.

సాయంత్రాలు ప్లానింగు క్లాసులకు కూడా తోలాడు. పగలంతా మిషన్ల మోత విని, అక్కడికి పోయి కునికిపాట్లు పడేదాన్ని. పంతులు బోర్డు మీద గుండ్రాలు గీసి, బాణాలతో కలిపి, ఒక పని అయితేనే తర్వాతిది కదులుతుందనేవాడు. 'అయితే' అంటే ఏమిటో ఆ మహానుభావుడు చెప్పలేదు. మా బస్తీలో చెప్పాల్సింది అదే.

గుండ్రాలు గీసి గోడకు అంటించాను. ముందు కొత్త షెడ్డుకు కరెంటు, తర్వాత మిషన్ల తరలింపు, ఆపైన కుట్టు. కరెంటు మేస్త్రీని పిలిచాను.

"కరెంటు అయిందా భాయ్?"

"హో గయా సమ్ఝో మేడమ్. ఫికర్ చేయకుండ్రి."

టిక్కు పెట్టి మిషన్లు లారీకెక్కించాను. ఉప్పుగూడలో స్విచ్చి వేస్తే బల్బు కూడా మిణుకుమనలేదు. కుట్టిన బట్టకే కూలి దొరికే ఆడవాళ్లు చచ్చిన మిషన్ల ముందు కూర్చున్నారు.

"అయిందంటివి గద!" మేస్త్రీని పిలిపించి నిలదీశాను.

"అయిందనుకో అన్న మేడమ్. అయిందన్ననా?"

వెనక నుంచి ఒకామె, "మస్తు సదివొచ్చింది గద, ఆ బొమ్మలతోని తిప్పమను మిషిన్లు," అంది. షెడ్డంతా ఒకటే నవ్వు. కూలి పోయినవాళ్లు, నవ్వుకోనీ అనుకున్నాను.

మర్నాటి నుంచి ఎవరి మాటా నమ్మలేదు. మీటరు పెట్టేదాకా మేస్త్రీని వెంటే తిప్పుకున్నాను. కళ్లతో చూసి, చేత్తో ముట్టుకుంటేనే టిక్కు. ముసలి కటింగ్ మాస్టర్ ఒకనాడు, "కొలతల అట్టలు అయినయనుకో మేడమ్," అన్నాడు.

"అట్లనా? నీ జీతం గూడ ఇచ్చిననుకో మాస్టర్. ఇంటికి పో."

అందరి ముందే అన్నాను. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదు. సాయంత్రానికి అట్టలు తయారు. గుండ్రాలు పనిచేయడం మొదలైంది ఆ రోజే, క్లాసులో కాదు.

బడులు తెరవకముందే బట్టలు చేరాయి. డైరెక్టరు గదికి పోయాను.

"సార్, నా మేనేజరు ఆర్డరు?"

"అయిందనుకో అమ్మా."

నోటిదాకా వచ్చింది మాట. మేస్త్రీని నిలదీసినట్టు ఆయన్ని నిలదీస్తే ఇన్‌చార్జి కుర్చీ కూడా ఊడుతుంది. మింగేశాను.

తర్వాత ఒకరోజు షెడ్డులో చాయ్, బిస్కెట్లు. డైరెక్టరు పక్కన ఆయన బామ్మర్ది, పూలదండతో. "అమ్మకు ఇంటి బాధ్యతలున్నయి, పెద్ద మనసుతోని తప్పుకున్నది," అన్నాడు డైరెక్టరు. నా చేతిలో చాయ్ కప్పు ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. గట్టిగా కొట్టింది కటింగ్ మాస్టర్.

"జర ఆ గుండ్రాలు నాకు గూడ నేర్పుండ్రి మేడమ్," అన్నాడు కొత్త మేనేజరు. నేర్పాను. జీతం కావాలి కదా.

నాకు ఒక్కటి తేలాలి. డైరెక్టరు నాతో "అయిందనుకో" అన్న పూటకు ఆ కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందా, అప్పటికే బామ్మర్దికి అయిపోయిందా?