ఖాలా చెప్పిన జాసూసీ నవల

మొఘల్‌పురాలో మేం అద్దెకున్న ఇంట్లో పై వాటాలో మేం ముగ్గురం, కింద ఇంటివాళ్లు ఇద్దరు. అయిదుగురమూ చదివేవాళ్లమే కాని, ఒకరి పుస్తకం ఒకరికి గిట్టేది కాదు. నాన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గవర్నమెంటు గుమాస్తా. జీవిత చరిత్రలు తప్ప ఇంకేం చదివినా కళ్లకు చేటని ఆయన నమ్మకం. అమ్మకు వారపత్రికల సీరియళ్లు ఉంటే చాలు. నాకప్పుడు పదమూడేళ్లు. మూడో పేజీకల్లా శవం కనిపించకపోతే ఆ పుస్తకం మూసేసేదాన్ని.

ఈ విషయంలో నాకు తోడు దొరికింది ఇంటావిడే. ఆవిణ్ణి ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేదాన్ని. యాభై దాటిన మనిషి. మోకాళ్ల నొప్పుల వల్ల గడప దాటడం తక్కువ. ఉర్దూ జాసూసీ నవలలంటే, అదే డిటెక్టివ్ కథలంటే ప్రాణం. పుట్టిల్లు పాలమూరు వైపు పల్లె కావడంతో తెలుగు గలగలా మాట్లాడేది, చదవడం మాత్రం రాదు. నాకేమో ఉర్దూ వింటే అర్థమయ్యేది గాని అక్షరం ముక్క తెలియదు. అందుకని ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. వేసవి సెలవుల్లో, మధ్యాహ్నం భోజనాలయ్యాక, కింది వరండాలో ఒకరోజు నేను నా తెలుగు నవల చెప్పాలి, మర్నాడు ఆవిడ తన ఉర్దూ నవల చెప్పాలి.

ఖాలాకు కథ చెప్పడం అంత తేలిక కాదు. అడుగడుగునా ఆపేసేది.

"ఆగు బిడ్డా. గా డిటెక్టివ్‌కు పెండ్లాం లేదా?"

"లేదు ఖాలా."

"మరి అన్నం ఎవరు వండుతరు?"

"పుస్తకంలో రాయలేదు."

"గట్లెట్ల? దినమంతా ఖూనీకోరుల ఎంట తిరిగొచ్చినోడు ఏం తింటడు? రాసినోనికి గంత ఫికర్ కూడ లేదా?"

నా వంతు మళ్లీ వచ్చేసరికి నా డిటెక్టివ్‌కు ఒక అక్కను పుట్టించాను. విధవరాలు, మంచి వంటగత్తె. తమ్ముడికి పప్పుచారు వడ్డిస్తూ కేసు గురించి ఒకటి రెండు సలహాలు కూడా ఇచ్చేది. ఖాలాకు ఆమె ఎంత నచ్చిందంటే, తర్వాత వచ్చిన ప్రతి నవలలోకీ ఆమెను లాక్కురావలసి వచ్చింది. ఇదంతా నా కల్పన అని నేను చెప్పలేదు.

ఒకసారి డిటెక్టివ్ నవలలు అయిపోతే అమ్మ సీరియల్ ఒకటి చెప్పి చూశాను. ఖాలా ఓపిగ్గా సగం దాకా విని, "గింతసేపు ఏడ్చుడేనా? ఒక్కడన్న సావడా?" అంది. ఆ రకం అంతటితో సరి.

ఖాలా భర్తను నేను ఖాలూ అనేదాన్ని. ఆయన పుస్తకాలకు అట్టలు కుట్టేవాడు. వీధి వైపు గదే ఆయన కార్ఖానా. ఎప్పుడూ జిగురు వాసన వేస్తుండేది. మనిషి మితభాషి. చేతికి వచ్చే పుస్తకాల్లో సఫర్‌నామాలు, అంటే యాత్రా కథలు, మాత్రమే చదివేవాడు. భార్య చదివే వాటిని "ఖూన్ కీ కితాబేఁ", నెత్తుటి పుస్తకాలు, అని పక్కకు నెట్టేసేవాడు.

అమ్మ తన సీరియల్ పేజీలన్నీ వారం వారం జాగ్రత్తగా కోసి దాచి, ఆయనకిచ్చి కుట్టించుకుంది. ఆయనకు తెలుగు రాదు. ఉర్దూ పుస్తకానికి కుట్టినట్టే కుడిచేతి వైపు కుట్టేశాడు. అమ్మ అలవాటు ప్రకారం అట్ట తెరిస్తే మొదట కనిపించింది చివరి వారం పెళ్లి. నాన్న నవ్వాపుకుంటూ, "విప్పించి మళ్లీ కుట్టిద్దాంలే" అన్నాడు. అమ్మ మాత్రం, "వద్దండీ. పెళ్లవుతుందని ముందే తెలిస్తే మధ్యలో ఆ పిల్ల ఎన్ని కష్టాలు పడ్డా నేను నిమ్మళంగా చదువుకోవచ్చు" అంది. ఆ తర్వాత కుట్టించిన రెండు సీరియళ్లు కూడా అలాగే కుడివైపు కుట్టమంది.

అసలు సంగతి ఆ వేసవి నడిమధ్యలో జరిగింది. ఖాలా ఒక కొత్త నవల ఎత్తుకుంది. ఒక నవాబుగారి తోటబంగళాలో వజ్రాల వ్యాపారి హత్యకు గురవుతాడు. అనుమానితులు నలుగురు: భార్య, మేనల్లుడు, డ్రైవరు, వైద్యం చేసే హకీము. ఆ బంగళాలో పనిచేసే ఒక ముసలి ఆయా ఉంది. శవం దగ్గర పడి ఉన్న రుమాలు వాసన చూసి, ఇది ఏ గల్లీలో అమ్మే అత్తరో చెప్పగలిగిన మనిషి. కథంతా ఆయా ముక్కు మీదే నడుస్తోంది. ఆయా నలుగురినీ వరుసగా నిలబెట్టి, మొదటివాడి దగ్గరికి వెళ్లి గాలి పీల్చింది. సరిగ్గా అక్కడ కిషన్‌బాగ్ నుంచి కబురొచ్చింది. ఖాలా కూతురికి కొడుకు పుట్టాడు.

ఖాలా గబగబా బట్టలు సర్దుకుని రిక్షా ఎక్కింది.

"ఖాలా, ఎవరు చంపారో చెప్పి పో."

"వచ్చినంక చెప్త తీ. నలభై రోజులే కద."

నలభై రోజులంటే నా సెలవులు మొత్తం అయిపోతాయి. పుస్తకం మాత్రం గూట్లోనే ఉంది. పచ్చ అట్ట, మీద తుపాకీ బొమ్మ. రోజూ తీసి చూసేదాన్ని. అక్షరాలన్నీ చీమల బారులా కుడి నుంచి ఎడమకు పోతూ ఉండేవి. ఎన్ని రోజులు చూసినా హంతకుడు బయటపడడని అర్థమై, ఖాలూ దగ్గరికి వెళ్లి ఉర్దూ నేర్పమన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

తుపాకీ బొమ్మ పుస్తకం కోసమంటే నేర్పడని, "ఊరికే" అన్నాను.

అట్ట ముక్కల వెనక అలిఫ్, బే రాసిచ్చాడు. అక్షరాలు నేర్చుకోవడం పది రోజుల పని. కాని ఆ అక్షరాలే మాట మొదట్లో ఒకలా, నడుమ ఒకలా, చివర ఒకలా మారిపోతుంటే, ఇంతకన్నా హంతకుణ్ణి పట్టుకోవడం తేలిక అనిపించింది. ఆయన చదవమని ఇచ్చింది ఒక సఫర్‌నామా, ఓడ మీద హజ్‌కు వెళ్లినాయన రాసుకున్నది. మొదట విసుగ్గా తిరగేశాను. కూడబలుక్కుంటూ పోగా పోగా, ఓడలో వాంతులతో పడిపోయినవాళ్లకు మామిడికాయ తొక్కు పచ్చడి నాకించి లేపి కూర్చోబెట్టిన ఘట్టం వచ్చింది. ఆ రోజు అన్నం వేళ దాటిపోయినా లేవలేదు. శవం లేని పుస్తకం కోసం నేను కూర్చుండిపోవడం అదే మొదలు.

ఆ తర్వాత పచ్చ అట్ట తీశాను. మొదట్లో రోజుకో పేజీ, పోను పోను పదేసి పేజీలు. ఒకచోట హంతకుడు "పల్" మీద నిలబడి ఉన్నాడని చదివాను. పల్ అంటే క్షణం. క్షణం మీద మనిషి ఎలా నిలబడతాడో తెలియక ఖాలూని అడిగాను. ఆయన పుస్తకం అట్ట చూశాడు, నన్ను చూశాడు. "అది పల్ కాదు, పుల్" అన్నాడు. పుల్ అంటే వంతెన; ఉర్దూ రాతలో రెండూ ఒకేలా ఉంటాయి. మర్నాటి నుంచి నాకు తట్టని మాటల కింద పెన్సిలుతో గీత గీసి ఉంచమన్నాడు.

చివరి పేజీ చేరేసరికి ఖాలా రావడానికి రెండు రోజులే ఉంది. హంతకుడు హకీము. కాని నన్ను తినేసింది అది కాదు. పుస్తకం మొత్తం వెదికినా ఆయా లేదు. రుమాలు లేదు, అత్తరు లేదు. నలుగురిని వరుసగా నిలబెట్టడమూ లేదు.

ఖాలా వచ్చింది. మనవడి ముచ్చట్లన్నీ అయ్యాక, "ఏడ ఆపిన?" అని కథ ఎత్తుకోబోయింది.

"ఖాలా, నేను చదివేశాను" అన్నాను.

ఆవిడ నమ్మలేదు. పచ్చ అట్ట తెరిచి ఒక పేజీ చదివి వినిపించాను. లోపల్నుంచి ఖాలూ దగ్గు వినిపించింది.

"అందులో ఆయా లేదు ఖాలా."

ఖాలా ఏమాత్రం తడబడలేదు. "లేదు. ఉండాలె. గంత పెద్ద బంగళల ఊడ్చేదానికి ఒక్క ఆడమనిషి కూడ లేకుంటదా? ఊడ్చేదానికి తెల్వనిది పోలీసోనికేం తెలుస్తది?"

"చంపింది హకీము."

"గది రాసినోని లెక్క. నా లెక్కల మేనల్లుడు. ఆస్తి ఎవనికొస్తదో చూడు." ఆగి, నా వైపు అనుమానంగా చూసింది. "మరి నువ్వు సక్కంగనే చెప్పినవా నీ తెలుగు కితాబులు?"

నేల చూపులు చూస్తూ డిటెక్టివ్ అక్క సంగతి ఒప్పుకున్నాను. ఖాలా పడీపడీ నవ్వి, మోకాలు పట్టుకుని, "అరె, ఆమె మస్తు మంచిది. ఆమెను తీసెయ్యకు" అంది.

తర్వాత నాలుగేళ్లు మేం ఆ ఇంట్లోనే ఉన్నాం. ఖాలూ గదిలోని సఫర్‌నామాలు ఒక్కొక్కటే చదివాను. ఇవాళ్టికీ నాకు యాత్రా కథల తర్వాతే మిగతావన్నీ. జాసూసీ నవలలు మాత్రం ఉర్దూలో స్వయంగా చదవడం మానేశాను. ఖాలా తిరిగొచ్చిన ఆ మధ్యాహ్నమే పచ్చ అట్ట ఆవిడ చేతికిచ్చి, "మేనల్లుడు ఎలా దొరికిపోయాడో చెప్పు" అన్నాను. ఆవిడ పుస్తకం మూసి పక్కన పెట్టి, గోడకు వీపు ఆనించుకుని, మొదలుపెట్టింది.