అరగదీసేకొద్దీ పెరిగిన మచ్చ

మా వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే, గోడలు లేవకముందే అద్దాలాయనకు కబురు వెళ్తుంది. నేలమీద పరిచిన బండలకు మిషనుతో పాలిష్ పట్టడం ఆయన పని. ఆయన పట్టిన నేల మీద వంగితే తలలో నెరిసిన వెంట్రుకలు కూడా కనిపిస్తాయి. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో.

ఆ ఆలుమగలు పని చేస్తుంటే చూస్తూ నిలబడిపోవడం నాకు అలవాటు. ఆయన మిషను పిడి రెండు చేతులా పట్టుకుని, పసివాడికి నడక నేర్పుతున్నట్టు వంగి, అటూ ఇటూ నడిపిస్తాడు. ఆమె వెనకే చెంబుతో నీళ్ళు పోస్తూ, పేరుకున్న బూడిదరంగు బురదను రబ్బరు చెక్కతో పక్కకు లాగేస్తుంది. ముందు గరుకు రాళ్ళు బిగిస్తారు, తర్వాత కాస్త నున్నటివి, ఆఖరున అరిగిన సబ్బుబిళ్ళలాంటివి. ఆ హోరుకు ఆయనకు ఒక చెవి ఎప్పుడో పోయింది. వాళ్ళింట్లో గుసగుసలు కూడా వీధి చివరిదాకా వినిపిస్తాయి.

ఆయనకో పంతం ఉంది. నేలలో చుక్క మచ్చ మిగలకూడదు. "మచ్చ మిగిలిందంటే అది నేను పట్టిన నేల కాదు. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పకండి" అంటాడు.

ఈమధ్య ఆయన చేతులు వణకడం మొదలైంది. ఇన్నేళ్ళ మిషను అదురు ఒంట్లోకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు. టీ తాగితే సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి పోతోంది. ఇక పని మానేయమని ఇంట్లో గోల. "టైలరమ్మ కొట్టు ఒక్కటీ పూర్తిచేసి మానేస్తా. ఆఖరి నేల. అద్దం కూడా సిగ్గుపడాలి" అన్నాడు.

టైలరమ్మ మా పక్కింటి పిల్ల. ముందు వరండాను గదిగా మార్చి కుట్టుకొట్టు పెట్టుకుంటోంది. గుడ్డను నేల మీదే పరిచి కత్తిరించే మనిషి. సూది జారిపడితే ఇట్టే కనిపించాలని, గీతా చుక్కా లేని లేత బూడిదరంగు సున్నపురాయి పలకలే కావాలని పట్టుబట్టి తెప్పించుకుంది.

గరుకు రాళ్ళతో మొదటి పట్టు పట్టగానే, గదికి నట్టనడుమ ఉన్న పలకలో కోటు గుండీ అంత నల్లమచ్చ తేలింది.

"బాబాయ్, ఇదేంటి? నా కొట్టు మధ్యలో ఎవరో కాఫీ ఒలకబోసినట్టుంది!"

"నూనె చుక్క అయ్యుంటుందమ్మా. ఇంకో పట్టు పడితే పోతుంది" అన్నాడు అద్దాలాయన.

పట్టాడు. మచ్చ పోలేదు సరికదా, పెరిగింది. గుండీ కాస్తా డబ్బా మూత అయింది. పళ్ళు బిగించి మరో పట్టు పట్టాడు. మూత కాస్తా సాసరయింది. అరగదీస్తే పెరిగే వస్తువును నేను ఎక్కడా చూడలేదు.

"మీరు తుడుస్తున్నారా, పెంచుతున్నారా?" అంది టైలరమ్మ. "ఆ పలక పగలగొట్టి కొత్తది వేసేయండి."

"పగలగొడితే పక్క పలకల అంచులు లేచిపోతాయి."

"అయితే పోయేదాకా అరగదీయండి."

ఆయన మళ్ళీ గరుకు రాళ్ళే బిగించాడు. ముఖం కందగడ్డలా ఉంది. ఆఖరి నేలలో మచ్చ! మిషను హోరుమంది. ఆయన భార్య బురద లాగి చెంబుడు నీళ్ళు పోసింది. పోసి, అక్కడే గొంతుక్కూర్చుంది.

"ఏవండీ, ఆపండి!"

ఆయన వినిపించుకోలేదు. అసలు వినిపిస్తేగా! ఆమె విసురుగా లేచివెళ్ళి గోడ దగ్గర ప్లగ్గు పీకేసింది.

"కరెంటు పోయిందా?"

"పోలేదు, నేనే పీకాను. ఇటొచ్చి చూడండి. ఇది మచ్చ కాదు, నత్త!"

అందరం వంగాం. నీళ్ళ కింద అది మెరుస్తోంది. లోపల్నుంచి బయటికి చుట్లుచుట్లుగా విప్పుకుంటూ వచ్చిన సన్నని నల్లటి పట్టీ. ఆ పట్టీ నిండా అడ్డగోడలు కట్టిన చిన్నచిన్న గదులు. కొన్ని పాలమీగడలా తెల్లగా, కొన్ని తేనెరంగులో ఉన్నాయి. మనం చూడబోతున్నామని తెలియక రాతిలో నిద్రపోతున్నట్టుంది.

ఇక నేను ఊరుకుంటానా? మా మేడ మీద అద్దెకుండే సైన్సు టీచరమ్మను కేకేసి పిలిచాను. ఆమె వచ్చి, మంచి చీర అన్న ధ్యాస కూడా లేకుండా తడినేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది.

"సముద్రంలో ఈదిన ప్రాణి పెద్దమ్మా. నత్తకు దూరపు చుట్టం. ఈ జాతిలో ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. పై రాయి అరిగేకొద్దీ ఇంకాస్త బయటపడుతోంది."

"సముద్రమా? అదెక్కడ, ఈ రాయి తవ్వినచోటెక్కడ?" అన్నాను.

"ఆ చోటే అప్పుడు సముద్రం అడుగు. ఇది చచ్చి అడుగున పడింది. దీని మీద బురద, ఆ బురద మీద ఇంకా బురద పేరుకున్నాయి. కోట్ల ఏళ్ళకు అది రాయైంది. నేల పైకి లేచింది, సముద్రం తప్పుకుంది."

"ఎవరు చూశారే అదంతా?"

"చూడ్డానికి మనిషే పుట్టలేదు కదా!"

మిగతా రాయి సంగతేమిటని అడిగాను. సున్నపురాయిలో చాలావరకు గవ్వలూ, కంటికి ఆనని ప్రాణుల పెంకులేనట. కోడిగుడ్డు పెంకులో ఉన్నదీ ఆ సున్నమేనట. నిమ్మరసం పోస్తే రెండూ పొంగుతాయట. మాట పూర్తికాకముందే ఇంటికి పరుగెత్తి నిమ్మకాయ తెచ్చాను.

"నేల మీద పిండావంటే నా మీద ఒట్టే అక్కయ్యా!" అని అద్దాలాయన నాకు అడ్డంగా చేతులు చాచాడు. "పులుపు తగిలితే పాలిష్ పోతుంది!"

గోడ వార ఎండిన బురదపొడి కాస్త ఓ సీసా మూతలోకి తీసి పిండాను. బుస్సుమని నురగ లేచింది. చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడో దూరంగా ఏదో చెబుతున్నట్టుంది.

అద్దాలాయన భార్య తన పాదాలకేసి చూసుకుంది. చీలమండల దాకా ఆ బూడిద బురదే. "పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ సాయంత్రం నేను కడుక్కుంటున్నది సముద్రాన్నా?" అంది.

టైలరమ్మ మాత్రం చేతులు కట్టుకునే నిలబడింది. "అంతా బాగానే ఉంది. రేపు వచ్చేవాళ్ళకు ఇది మచ్చే కదా" అని, టేపు తీసి ఊరికే కొలవబోయింది. కొలిచిన చిన్న గదినే మళ్ళీ కొలిచింది. మోకాళ్ళ మీదికి దిగి చుట్టంతా కొలిచింది.

"పిన్నీ, ఇటు చూడు" అని అద్దాలాయన భార్యను దగ్గరికి లాగింది. "ఒక్కో గదీ ముందుదానికంటే పిసరంత పెద్దది. అంతా ఒకటే వాటం. ఎక్కడా తప్పలేదు. గౌనుకు కుచ్చులు ఇలా కుదరాలంటే నా ప్రాణం పోతుంది. దీన్ని కత్తిరించిందెవరు?"

"అదే" అంది టీచరమ్మ. "పెరిగినప్పుడల్లా ముందువైపు గుల్ల పెంచుకుని, అందులోకి జరిగి, వెనక అడ్డగోడ కట్టుకునేది."

టైలరమ్మ టేపు చుట్టి పక్కన పెట్టింది.

"ఉంచేద్దాం బాబాయ్" అంది టైలరమ్మ చివరికి. "కానీ ఈ పక్క అంచు ఇంకా రాతి కిందే ఉంది. ఇంకో పట్టు పడితే తేలుతుందా?"

తేలవచ్చు. లేదా తేలిన చుట్లే అరిగి బురదలో కలిసిపోవచ్చు. ఎటూ చెప్పలేనంది టీచరమ్మ. అందరం అద్దాలాయన వంక చూశాం. ఆయన ఆ చుట్టు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఇలాంటి మచ్చలు ఎన్ని వచ్చాయో నా చేతికింద. పోయేదాకా అరగదీసి, శుభ్రమైందని మురిసిపోయాను" అన్నాడు మెల్లగా.

భార్య ఆయన మంచి చెవి దగ్గరికి వంగి, "పోయినవాటి కోసం తర్వాత ఏడుద్దురుగాని, ముందు దీని సంగతి చూడండి!" అంది.

ఆయన లేచాడు. గరుకు రాళ్ళు ఊడదీసి సంచిలో పడేశాడు. "అది చూపించినంత చాలు. ఆ అంచు దాచుకుంటే దాచుకోనీ" అన్నాడు. అన్నింటికంటే నున్నటి రాయి చేత్తో పట్టుకుని, మిషను జోలికి పోకుండా, ఆ పలక ముందు మోకాళ్ళ మీద వంగాడు. చెయ్యి గడగడ వణుకుతోంది.

"మిషను ఆపినా చెయ్యి ఆగట్లేదు చూడండి. కరెంటు ఖర్చు కలిసొచ్చింది" అంది భార్య. నవ్వుతూనే ఆ వణికే చెయ్యి మీదికి సన్నని ధారగా నీళ్ళు పోసింది. ఆ పూటంతా పోస్తూనే ఉంది.

పని అయ్యాక వంగి చూసుకున్నాను. నా ముఖం కనిపించింది. నా బుగ్గ లోపల, ఎంతో లోతున, మనుషులెవరూ లేని ఆ సముద్రంలో అది ఈదుతూ ఉంది. మెడ నొప్పి పుట్టేదాకా లేవలేకపోయాను.

"బాబాయ్, ఎవరైనా వచ్చి ఈ మచ్చేంటని అడిగితే ఏం చెప్పను?" అంది టైలరమ్మ.

అద్దాలాయన చేతులు తుడుచుకుంటూ చాలాసేపు దానివంకే చూశాడు.

"నా పేరు చెప్పు."

"ముందు ఆ పేరేంటో నాకు చెప్పండి" అంది ఆయన భార్య, చెంబు బోర్లిస్తూ.