కాలువలో కడిగిన కారు

1998 జనవరిలో నన్ను అనంతపురం నుంచి గోదావరి డెల్టాలోని ఒక చిన్న ఆఫీసుకు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. కాగితం మీద హోదా అది. జనం నోట్లో మాత్రం మేము బ్రేకు ఇన్‌స్పెక్టర్లం. ఆ పేరంటే నాకు లోలోపల గర్వం. బ్రేకు విషయంలో నన్నెవరూ బురిడీ కొట్టించలేరనుకునేవాణ్ణి.

సొంత కారుకు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నడుస్తుంది, ఆ తర్వాతే మళ్లీ తనిఖీ. అద్దెకు తిరిగే కారు అలా కాదు. కొత్తలో రెండేళ్లు గడిచాక ఏటా మా ముందుకు వచ్చి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్.సి., తీసుకోవాలి. లైట్లు, హారన్, వైపర్లు, టైర్లు, స్టీరింగు లూజు చూస్తాం. చివర బ్రేకు. కొంత వేగంతో రమ్మని గీత దగ్గర బ్రేకు వేయిస్తాం. పక్కకు లాగకుండా, ఇచ్చిన దూరంలో ఆగాలి. ఆగకపోతే ఎఫ్.సి. రాదు, ఎఫ్.సి. లేని బండి రోడ్డెక్కకూడదు.

మా తనిఖీ స్థలం కాలువ గట్టు పక్కనే. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు వదిలిన రోజులు. పొద్దున్నే మంచు ఎంత దట్టంగా ఉండేదంటే, వచ్చే బండి ముందు చెవికి వినిపించేది. తర్వాత రెండు పసుపు వెలుగులు. ఆ తర్వాత మెల్లగా ఒక తెల్ల అంబాసిడర్, బానెట్ మీద కుంకుమ, బంతిపూలు. కరువు సీమ నుంచి వచ్చినవాణ్ణి, ఇన్ని నీళ్లు, ఇంత తెలుపు చూస్తే మత్తుగా ఉండేది. సగం కలలో ఉన్నట్టే సంతకాలు పెట్టేవాణ్ణి.

ఆ మంచులోంచే ఒకరోజు వీర్రాజు వచ్చాడు. గట్టు కింద పల్లె అతనిది, ఊరికంతటికీ అదొక్కటే టాక్సీ. బండి మీద ఈగ వాలనివ్వని మనిషి. అన్నీ సవ్యంగా ఉన్నాయి. బ్రేకు వేస్తే మాత్రం కారు గీత దాటి అలా తేలిపోతూ వెళ్లి, కొబ్బరిచెట్టుకు బెత్తెడు దూరంలో ఆగింది.

"నిన్న సాయంత్రం కూడా బానే పట్టిందండి" అన్నాడు. అందరూ అనే మాటేనని నవ్వుకున్నాను. ‘బ్రేకులు లోపభూయిష్టం’ అని రాసి, బాగు చేయించి వారం తర్వాత రమ్మన్నాను.

"మా చెల్లెలికి నెలలు నిండాయండి. కాన్పు కష్టమవుద్ది, నొప్పులు రాగానే రాజమండ్రి తెచ్చేయమన్నారండి డాక్టరు గారు" అన్నాడు.

"ఆగని కారులో ఆమెను తీసుకెళ్తారా?" అన్నాను. అతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా జవాబు నాకు భలే నచ్చింది.

వారానికి మళ్లీ వచ్చాడు. నాలుగు చక్రాలకూ కొత్త బ్రేకు లైనింగులు వేయించి, పాతవి సంచిలో తెచ్చి చూపించాడు. అవి సగం కూడా అరగలేదు. కొత్తవాటితోనూ కారు ఆగలేదు. అప్పుడు వంగి చక్రం దగ్గర కూర్చున్నాను. డ్రమ్ములోంచి నీటిచుక్కలు పడుతున్నాయి.

"ఎక్కడ కడిగారు?"

"ఈ పక్క రేవులోనేనండి. తనిఖీకి దుమ్ము బండితో ఎలా వస్తామండి?"

మిగతావాళ్లు ఇంటి దగ్గర కడుక్కుని వచ్చేవారు, దారిలో ఆరిపోయేది. ఇతను మర్యాద కొద్దీ రెండుసార్లూ చక్రాలు మునిగేలా కాలువలో దింపి, నేరుగా నా ముందుకు తెచ్చాడు. లైనింగు తడిస్తే జారుతుంది. పుస్తకంలో చదివిందే. మా ఊళ్లో అరబకెట్ నీళ్లతో కారు తుడుస్తాం, నాకు ఆ సంగతి తట్టలేదు.

పక్కన కూర్చుని, బ్రేకు మీద కాలు ఆనించే నడపమన్నాను, ఆ వేడికి ఆరుతుంది. గట్టు వెంట మంచులో మెల్లగా పోయాం. ముందు దారి లేదు, వెనక ఊరు లేదు. కాలువ చప్పుడొకటే మాతో వచ్చింది. ఎంతసేపు పోయామో తెలియదు.

"చెల్లెలు ఎలా ఉంది?" అని అడిగాను.

"మొన్న నొప్పులొచ్చాయండి. మంచుకి బస్సు ఆలస్యమైంది. దార్లో బస్సులోనే కాన్పయ్యింది. రక్తం బాగా పోయిందండి. బతుకుద్దని నిన్ననే చెప్పారు. పిల్లాడు బానే ఉన్నాడు."

"కారు ఇంట్లోనే ఉంది కదా?"

"ఆయ్. ఆగని కారులో ఎలా తీసుకెళ్తామండి? మీరే అన్నారు కదండీ."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. వెనక్కి వచ్చి బ్రేకు వేస్తే కారు గీత మీద తిన్నగా ఆగింది. ఎఫ్.సి. రాసిచ్చాను.

మొదటి రోజు నేను చూసింది కారు ఆగకపోవడం. బ్రేకులు చెడ్డాయన్నది నా ఊహ. ఆ ఊహను ఆఫీసు కాగితం మీద రాశాను. వీర్రాజు ఇరవై ఏళ్లుగా ఆ పెడల్ తొక్కుతున్న తన కాలిని కాదని, నా కాగితాన్ని నమ్మాడు. మేము తప్పు రాసినా జనం నమ్ముతారు. ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది అదే. నాకు తెలిసేసరికి పన్నెండేళ్ల సర్వీసు అయిపోయింది.